ఏజెంట్ తప్పు టూల్ పిలిస్తే దిద్దాల్సింది వివరణనా, కోడ్‌నా?

కూకట్‌పల్లి కోడర్
మా టీమ్‌లో వారం రోజులుగా ఇదే వాదన. మీ అభిప్రాయం కూడా కావాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి వాట్సాప్‌లో బుకింగ్‌లు చూసే ఏజెంట్ చేశాం, అంటే ఏఐ మోడల్ మెసేజ్ చదివి తానే పనులు చేసే ప్రోగ్రామ్. దానికి ఆరు టూల్స్ ఇచ్చాం. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా, టూల్ అంటే మన కోడ్‌లో ఒక ఫంక్షన్. మోడల్‌కి ఆ కోడ్ కనిపించదు. దాని పేరు, మనం రాసిన వివరణ, ఏయే విలువలు ఇవ్వాలో చెప్పే స్కీమా, ఈ మూడు చదివే ఏది పిలవాలో నిర్ణయించుకుంటుంది.

పోయిన నెల ఒక పెద్దావిడ "రేపు పొద్దున రాలేను బాబూ, అల్లుడికి ఆఫీసుంది" అని మెసేజ్ పెట్టారు. ఏజెంట్ బుకింగ్ రద్దు చేసేసింది. ఆవిడకి కావాల్సింది వేరే రోజు. ఫాస్టింగ్ టెస్టులకి పొద్దున ఏడింటి స్లాట్లు ముందే నిండిపోతాయి. నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది, పైగా షుగర్ పేషెంట్. రద్దు టూల్‌కి నేను రాసిన వివరణ మూడే మాటలు: "అపాయింట్‌మెంట్‌ను రద్దు చేస్తుంది."

ఇప్పుడిలా మార్చాను: "పేషెంట్ రద్దు చేయమని నేరుగా అడిగితేనే వాడాలి. రాలేను, కుదరదు, వద్దులే అంటే ఇది వాడకూడదు. వేరే రోజు కావాలా అని ముందు అడిగి, కావాలంటే తేదీ మార్చే టూల్ వాడాలి. రద్దయిన స్లాట్ వెంటనే ఇంకొకరికి వెళ్లిపోతుంది." క్లాడ్ మోడల్ తయారుచేసే ఆంత్రోపిక్ వాళ్ల డాక్యుమెంటేషన్ కూడా ఒక్కో టూల్‌కి కనీసం మూడు నాలుగు వాక్యాలు రాయమంటుంది. ఈ పని మేం మొదటి రోజే చేసి ఉండాల్సింది.

నాంపల్లి బ్యాకెండ్
వివరణ బాగుంది, కానీ దాని మీద భరోసా పెట్టుకోకండి. మోడల్ ఆ వాక్యాన్ని ఎప్పుడూ పాటిస్తుందని హామీ ఏముంది? వెనక్కి తీసుకోలేని పని ఏదైనా కోడ్‌లోనే ఆగాలి. పేషెంట్ "అవును, రద్దు చేయండి" అనే బటన్ నొక్కితే తప్ప ఆ ఫంక్షన్ నడవకూడదు. ఇంకోటి, ఈ వివరణలన్నీ ప్రతి రిక్వెస్ట్‌తో పాటు మోడల్‌కి వెళ్తాయి. మోడల్ చదివే టెక్స్ట్‌ని టోకెన్లనే చిన్న ముక్కలుగా లెక్కేసి బిల్లు వేస్తారు. ముప్పై టూల్స్‌కి తలా ఒక పేరా రాస్తే ఆ టోకెన్ల బిల్లు ఎవరు కడతారు?

మాదాపూర్ టెస్టర్
నాంపల్లి గారూ, బటన్ ఉన్నా దెబ్బ తిన్నవాళ్లం మేం. మా రీఫండ్ టూల్‌లో ఒక ఫీల్డ్ పేరు ఉత్త "అమౌంట్". పేమెంట్ గేట్‌వేకి మాత్రం పైసల్లో ఇవ్వాలి. కస్టమర్‌కి 450 రూపాయలు వెనక్కి రావాలి, ఏజెంట్ 450 అని ఇచ్చింది. మేనేజర్ స్క్రీన్ మీద 450 చూసి ఓకే నొక్కారు. ఆయన తప్పు ఏముంది? కస్టమర్‌కి వెళ్లింది నాలుగున్నర రూపాయలు. ఇప్పుడు ఫీల్డ్ పేరులోనే పైసలు అని ఉంది, వివరణలో "450 రూపాయలైతే 45000" అని ఉదాహరణ ఉంది.

మన ఊళ్లో ఇంకో చిక్కు. కస్టమర్లు తెలుగు, హిందీ కలిపి రాస్తారు. "కల్" అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. తేదీ ఫీల్డ్ వివరణలో ఆ మాట పేరు పెట్టి రాశాం, అనుమానం ఉంటే అడగమని.

నాంపల్లి బ్యాకెండ్
పైసల సంగతి ఒప్పుకుంటున్నా. కానీ మీరు ఫీల్డ్ పేరు కూడా మార్చారు కదా, అది స్కీమా. ఆ భాగం నా వాదనకే బలం.

అమీర్‌పేట్ స్టూడెంట్
అన్నా, వివరణ తెలుగులో రాయొచ్చా?

కూకట్‌పల్లి కోడర్
రాయొచ్చు తమ్ముడూ, మోడల్‌కి అర్థమవుతుంది. కానీ తెలుగు లిపికి టోకెన్లు ఎక్కువ పడతాయి. మేం వివరణ ఇంగ్లీషులోనే ఉంచి, పేషెంట్లు వాడే మాటలు మాత్రం తెలుగులో అలాగే పెట్టాం. పైన అర్థం కావాలని తెలుగులో చెప్పాను. "వద్దులే" అన్న మాటని ఇంగ్లీషులో పెడితే అందులోని మొహమాటం పోతుంది.

నాంపల్లి గారూ, మీ మాట విని బటన్ కూడా పెట్టి చూశాం. రద్దు ఆగింది, నిజమే. కానీ బటన్ నొక్కకపోతే కోడ్ "అనుమతి లేదు" అని ఎర్రర్ ఇచ్చేది. అది చదివి ఏజెంట్ పేషెంట్‌కి మూడుసార్లు క్షమాపణ చెప్పింది తప్ప, వేరే రోజు కావాలా అని ఒక్కసారీ అడగలేదు. తలుపు వేశాం గానీ ఎటు వెళ్లాలో చెప్పలేదు. ఎర్రర్‌ని కూడా మోడలే చదువుతుందని అప్పుడు తట్టింది. ఇప్పుడు అక్కడ "పేషెంట్ రద్దుకి ఒప్పుకోలేదు. ఖాళీ స్లాట్లు చూపే టూల్ పిలిచి రెండు తేదీలు చెప్పు" అని ఉంది. పాత చాట్‌లు తీసి మళ్లీ నడిపించాం, పెద్దావిడ మెసేజ్‌కి ఈసారి రెండు తేదీలు చూపించింది.

టోకెన్ల గురించి మీరన్నది నిజమే. అందుకే రెండు సెర్చ్ టూల్స్‌ని కలిపి ఒకటి చేశాం, ఇప్పుడు ఐదే ఉన్నాయి. బటన్ ఉంచుతున్నా. రద్దు టూల్ వివరణలో మాత్రం ఒక్క వాక్యం కూడా తీయను.