.44 మ్యాగ్నమ్‌కి చెక్క గ్రిప్పా, రబ్బరు గ్రిప్పా?

ఫ్రిస్కో_శీను: అందరికీ నమస్కారం. హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీ కుదరదు, హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. ఆ గొడవ ఎందుకులే అని అన్నాళ్లూ తుపాకీ జోలికి పోలేదు. గ్రీన్ కార్డ్ వచ్చాక సెకండ్ హ్యాండ్‌లో స్మిత్ అండ్ వెసన్ 629 కొన్నాను, .44 మ్యాగ్నమ్ రివాల్వర్, 4 అంగుళాల బ్యారెల్. వేసవిలో అలాస్కా కెనాయ్ వైపు సాల్మన్ ఫిషింగ్‌కి పోతున్నాం. అక్కడ బ్రౌన్ బేర్లు నది ఒడ్డుకే వచ్చేస్తాయి. పాత ఓనర్ పిడికి నున్నటి సన్న చెక్క గ్రిప్ వేయించాడు, చూడ్డానికి కత్తిలా ఉంది. కానీ 240 గ్రెయిన్ బుల్లెట్ ఉన్న ఫుల్ పవర్ తూటాలు ఒక సిలిండర్ నిండా కాల్చేసరికి బొటనవేలి పక్క చర్మం కందిపోయింది. ట్రిగ్గర్ గార్డ్ వెనక అంచు తగిలి మధ్యవేలి కణుపు వాచింది. ఏ గ్రిప్ వేయమంటారు?

రాయలసీమ44: మార్చొద్దు తమ్ముడూ. కోల్ట్ 1873 నుంచి వస్తున్న ప్లౌ హ్యాండిల్, అంటే నాగలి పిడి ఆకారం ఊరికే పుట్టలేదు. కాల్చగానే పిడి అరచేతిలో పైకి దొర్లుతుంది. దెబ్బలో సగం ఆ దొర్లడంలోనే పోతుంది. నా రుగర్ సూపర్ బ్లాక్‌హాక్ రివాల్వర్‌కి నున్నటి రోజ్‌వుడ్ ఉంది, సాయంత్రం దాకా కాలుస్తాను. రబ్బరు వేశావా, జిగురులా చేతికి పట్టుకుంటుంది, కదలనివ్వదు, దెబ్బంతా మణికట్టుకే.

మామూలోడు: పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

డెనాలి_మూర్తి: శీనూ, ముందు ఆ చెక్క విప్పి కింద ఫ్రేమ్ మడమ చూడు. గుండ్రంగా ఉంటే రౌండ్ బట్, పలకగా ఉంటే పాతకాలం స్క్వేర్ బట్. రౌండ్ బట్ అయితే స్మిత్ అండ్ వెసన్ వాళ్లు తమ అతి పెద్ద ఎక్స్ ఫ్రేమ్ రివాల్వర్ మోడల్ 500కి ఇచ్చే రబ్బరు గ్రిప్ దీనికీ పడుతుంది. హోగ్ తయారీ, వెనక లోపల దెబ్బ పీల్చే సార్బోథేన్ మెత్త ఉంటుంది, బ్యాక్‌స్ట్రాప్ (పిడి వెనక అంచు) ఉక్కు చేతికి తగలదు. 700 గ్రాములుండే తేలికపాటి .44, 329పిడి మోస్తున్నవాళ్లు ఇక్కడ చాలామంది అదే వేసుకుంటారు. నీది దానికంటే అర కిలో బరువు, ఇంకా హాయి. ట్రిగ్గర్ గార్డ్ వెనక ఖాళీని కూడా అది నింపేస్తుంది, కణుపు దెబ్బ ఉండదు.

రాయలసీమ44: రబ్బరు సంగతి నాకు చెప్పొద్దు మూర్తి గారూ. ఒక షాపువాడు అలాంటిదే అంటగట్టాడు. డాలస్ ఎండలో చెమటకి చేతి చర్మం లేచిపోయింది. తిరిగి తీసుకోమంటే ప్యాకెట్ విప్పారుగా అన్నాడు.

డెనాలి_మూర్తి: షాపువాడి మీద కోపం రబ్బరు మీద చూపిస్తే ఎలా? అలాస్కా నది ఒడ్డున చెమట కాదండీ, వానా చేపల జిగురూ. తడిచేతిలో నున్నటి చెక్క నిలుస్తుందా?

రాయలసీమ44: చేతులు తుడుచుకోవచ్చు.

డెనాలి_మూర్తి: ఎలుగుబంటిని కాసేపు ఆగమని చెప్పి తుడుచుకోవాలా? సరే, ప్లౌ హ్యాండిల్ అంత గొప్పదైతే తుపాకుల తయారీదారు జాన్ లైన్‌బా తన .475, .500 భారీ తూటాల రివాల్వర్లకి రుగర్ బిస్లీ గ్రిప్ ఎందుకు వాడాడు? బిస్లీ పిడి పొడవు, నిటారు. చేతిలో తక్కువ దొర్లుతుంది. మీ సూత్రం ప్రకారం అది మణికట్లు విరగ్గొట్టాలి.

రాయలసీమ44: మరి ఫ్రీడమ్ ఆర్మ్స్ కంపెనీ 1983లో .44 కంటే గట్టిగా తన్నే .454 కసుల్ రివాల్వర్‌ని దాదాపు ఆ కోల్ట్ ఆకారంలోనే తెచ్చింది కదా. వాళ్లకి తెలీదా?

హ్యూస్టన్_సునీత: ఇద్దరూ ఆకారాల దగ్గరే ఆగిపోయారు. ఏ గ్రిప్పూ రికాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) తగ్గించదు. అదే తూటా, అదే తుపాకీ బరువు అయితే వెనక్కి తన్నే మొమెంటమ్ అంతే. గ్రిప్ చేసేది ఆ దెబ్బని ఎక్కువ చర్మం మీదా ఎక్కువసేపూ పరచడం. ఇంకోటి, బ్యాక్‌స్ట్రాప్‌ని కప్పే రబ్బరు వేస్తే ట్రిగ్గర్ అంత దూరం జరుగుతుంది. నా చెయ్యి చిన్నది, డబుల్ యాక్షన్‌లో (హ్యామర్ చేత్తో లాగకుండా ట్రిగ్గర్ ఒక్కటే నొక్కి కాల్చేటప్పుడు) వేలి కొస మాత్రమే అందేది, తుపాకీ పక్కకి లాగేసేది. బ్యాక్‌స్ట్రాప్ తెరిచి ఉంచే పాక్‌మయర్ కంపెనీ గ్రిప్‌కి మారాను. కొంచెం నొప్పి, కానీ తూటా చూసినచోటికి పోతుంది. శీను గారూ, మీ చెయ్యి ఎంత?

ఫ్రిస్కో_శీను: గ్లౌజులు మీడియం అండీ.

రాయలసీమ44: చెయ్యి చిన్నదైతే సన్నటి చెక్కే మేలు, నేనన్నదీ అదే.

డెనాలి_మూర్తి: మీరు అన్నది అది కాదు. ఎండలో కాగితం బొమ్మలకి తీరిగ్గా కాల్చేవాళ్లు ఎలుగుల ఊరికి సలహాలివ్వడమే ఈ ఫోరమ్ ఖర్మ.

రాయలసీమ44: కాగితం బొమ్మలా? ఇదే తుపాకీతో ఎన్ని అడవిపందుల్ని కొట్టానో నా పాత పోస్టులు చూడండి. చలిదేశంలో ఉంటే సరి, ప్రతివాడూ వేటగాడైపోతాడు!

మోడరేటర్: ఇద్దరికీ చెబుతున్నాను. గ్రిప్ గురించి మాట్లాడండి, ఊళ్ల గురించి వద్దు.

హ్యూస్టన్_సునీత: రాయలసీమ గారూ, ఒక్క ప్రశ్న. మీది సింగిల్ యాక్షన్, ప్రతిసారీ హ్యామర్ చేత్తో లాగాలి. పిడి పైకి దొర్లితే హ్యామర్ మీ బొటనవేలి కిందికే వస్తుంది, వెనక్కి లాగుతారు, మళ్లీ కాలుస్తారు. దొర్లడం మీకు లాభమే. శీను గారిది డబుల్ యాక్షన్. పిడి దొర్లితే చూపుడువేలు ట్రిగ్గర్ మీద చోటు మారిపోతుంది, రెండో తూటాకి ముందు పట్టు సర్దుకోవాలి. అవునా కాదా?

రాయలసీమ44: సర్దుకోవాలి. సర్దుకోనీ! గబగబా ఆరూ కాల్చేద్దామనే ఆలోచనే నాకు నచ్చదు. 629కైనా హ్యామర్ వెనక్కి లాగి, గురి చూసి, ఒక్కటి సరిగ్గా కొట్టాలి. ఆ ఒక్కటీ కొట్టలేనివాడు మ్యాగ్నమ్ మోయకూడదు. గ్రిప్ మార్చుకుంటూ కూర్చునే బదులు తక్కువ తన్నే .44 స్పెషల్ తూటాలతో నెలల తరబడి ప్రాక్టీస్ చేయమనండి.

డెనాలి_మూర్తి: ఇందాకటి నుంచి ఈ మాట అనుంటే ఇంత గొడవ లేదు కదండీ. మీరు చెట్టు చాటున కూర్చుని కొట్టే పంది గురించి మాట్లాడుతున్నారు. నేను మీదికొచ్చే జంతువు గురించి. బ్రౌన్ బేర్ గంటకి 35 మైళ్ల వేగం అందుకోగలదు, అంటే 30 మీటర్లు రెండు సెకన్లు. అందులో హ్యామర్ ఎన్నిసార్లు లాగుతారు? మొదటిది తప్పుతుందనే లెక్కతోనే గ్రిప్ ఎంచుకోవాలి.

రాయలసీమ44: మొదటిది తప్పుతుందనే లెక్క వేసుకునేవాడు బేర్ స్ప్రే పట్టుకెళ్లాలి.

హ్యూస్టన్_సునీత: స్ప్రే ఎలాగూ పట్టుకెళ్లాలి. విమానంలో రానివ్వరు, అక్కడే కొనుక్కోండి. స్ప్రే ఉన్నంత మాత్రాన గ్రిప్ ప్రశ్న పోదు.

ఫ్రిస్కో_శీను: విప్పి చూశాను, రౌండ్ బట్టే. ఎక్స్ ఫ్రేమ్‌దీ పాక్‌మయర్‌దీ రెండూ ఆర్డర్ పెడుతున్నా. గన్ ఖాళీ చేసి, డబుల్ యాక్షన్‌లో వేలు ఏ గ్రిప్‌తో సరిగ్గా అందితే అది ఉంచుకుంటా, రెండోది వాపస్.

రాయలసీమ44: ప్యాకెట్ విప్పావంటే వాపస్ తీసుకోరు. ఇందాకే చెప్పాను.

మామూలోడు: ఆ చెక్క గ్రిప్ అమ్ముతారా? నాది స్మిత్ అండ్ వెసన్ 686, రౌండ్ బట్.

రాయలసీమ44: అమ్మకు శీనూ. అక్టోబర్‌లో మళ్లీ అదే వేసుకుంటావు.