అప్‌డేట్: ట్రాఫిక్‌లో కాలు కాలిపోతున్న సమస్య చాలావరకు తగ్గింది

కూకట్‌పల్లి, అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర నా లిక్విడ్ కూల్డ్ బండి (ఇంజిన్‌ని ద్రవంతో చల్లబరిచే రకం) వేడికి కుడి కాలు కాలిపోతోందని, మీటర్‌లో ఇంజిన్ వేడిని చూపే టెంపరేచర్ బార్లు పైకి పోతున్నాయని అడిగాను కదా. సలహా చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.

అసలు కారణం రేడియేటర్‌లోనే (ఇంజిన్ వేడిని గాలిలోకి వదిలే, సన్నటి రేకు రెక్కలున్న భాగం) దొరికింది. ముందు చక్రం ఎగజిమ్మిన మట్టి రెక్కల మధ్య ఎండిపోయి ఇటుకలా గట్టిపడింది. పైనుంచి చూస్తే శుభ్రంగానే ఉంది. వెనక నుంచి టార్చి వేస్తే మాత్రం కింది సగంలో వెలుతురు ఇవతలికి రాలేదు. ప్రెషర్ వాషర్ కొడితే సన్నటి రెక్కలు వంగిపోతాయని మా మెకానిక్ మామూలు పైపు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో ఓపిగ్గా కడిగాడు. పాత కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తుప్పు రంగులో వచ్చింది. కొత్తది పోసి, లోపలి గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపించాడు. ఇది ఇంట్లో చేసుకునేవాళ్లు ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత అస్సలు తీయకండి, మరిగే కూలెంట్ మొహం మీదకి చిమ్ముతుంది.

సైలెన్సర్ పైపుకి హీట్ ర్యాప్ (వేడి బయటికి రాకుండా చుట్టే పట్టీ) చుట్టించలేదు. వానాకాలంలో తడి దాని కిందే నిలిచి పైపు తుప్పు పడుతుంది.

ఇప్పుడు సిగ్నల్ దగ్గర రేడియేటర్ ఫ్యాన్ తిరగగానే బార్లు దిగుతున్నాయి. ఆ ఫ్యాన్ తోసే వేడిగాలి మోకాలికి తగలడం మాత్రం పోలేదు, బండి డిజైనే అలాంటిది. మందపాటి జీన్స్, చీలమండ దాటే బూట్లు వేసుకుంటున్నాను. పెద్ద సిగ్నల్ అయితే ఇంజిన్ ఆపేస్తున్నాను. ఎవరికైనా ఫ్యాన్ అసలు తిరగకపోతే ముందు దాని ఫ్యూజు చూసుకోండి.