ఐర్లాండ్‌లో రెడ్లు ఉండారంట, వాళ్ళు మనోళ్ళేనా?

మా తిరుపతి వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరగతా ఉండాది. హెలెన్ రెడ్డి అని ఆస్ట్రేలియా సింగర్, 1941లో మెల్‌బోర్న్‌లో పుట్టినామె, ఆమె పూర్వీకులు ఐర్లాండ్ వాళ్ళు, కాబట్టి ఒకప్పుడు మన రెడ్లు ఓడెక్కి ఐర్లాండ్ పోయినారంట! కింద అందరూ దండాలు, చప్పట్లు.

అబ్బా, ఇప్పుడు చెవికి ఎట్లా వినపడతాదో దాన్ని పట్టుకుంటే ఎవురినైనా ఎవురికైనా చుట్టం చేసేయొచ్చు. పాత రూపం చూడాల. మన రెడ్డికి పాత రూపం రట్టగుడి. కడప వైపు రేనాటి చోళుల శాసనాల్లో రట్టగుళ్ళు అని వస్తారు, ఊరి పెత్తనం వాళ్ళది. అదే అరిగి అరిగి రట్టడి, రడ్డి, రెడ్డి అయింది. రట్ట అనేది రాష్ట్ర నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల మాట. అంటే మొదట్లో అది పదవి పేరు, కులం పేరు కాదు. 1984లో ఎన్టీఆర్ మునసబు కరణాల్ని తీసేసేదాకా ఊర్లో రెడ్డి అంటే శిస్తు వసూలు చేసే ఆయనే అని మా పెద్దోళ్ళు చెప్తారు.

ఐర్లాండ్ వాళ్ళది ఓ రొదెఖాన్ లాంటి పేరు. ఓ అంటే ఫలానా ఆయన వంశంలోని వాడు అని. ఇంగ్లీషులో రాసుకునేటప్పుడు ముందర ఓ పోయింది, తోక తెగింది, రెడ్డి మిగిలింది, అదే పేరు కొందరికి రెడికన్ అయింది. రట్టగుడి పక్కన పెట్టి చూడండి, మొదటి ర తప్ప ఏం కలస్తాది?

— అన్నా సూపర్. లీ కూడా ఇంతే కదా, బ్రూస్ లీ లీ చైనా భాషలో ప్లమ్ చెట్టు, క్రిస్టఫర్ లీ లీ ఇంగ్లీషులో అడవి కొట్టిన బయలు. పంజాబ్ మాన్‌లు జాట్లు, జర్మనీ మాన్ అంటే మనిషి.

— ఒక మాట తమ్ముడూ. హెలెన్ రెడ్డిది ఇంటిపేరు, మనకి రెడ్డి ఇంటిపేరు యాడ అయింది? ఇంటిపేరు ముందర ఉంటాది, రెడ్డి పేరు చివర తగిలించుకునేది. మా పిల్లోడు పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో రెడ్డి అని పెట్టేసి అమెరికా పోయినాడు, ఇప్పుడు మనవడికి అదే ఇంటిపేరు, అసలు ఇంటిపేరు యాడా లేకుండా పోయింది.

— నిజమే అక్కా, మన పక్కన అరవ వైపు రెడ్డియార్ కూడా పేరు చివరే. చిత్తూరు మద్రాసు కింద ఉన్నప్పుడు, 1947 నుంచి 49 దాకా, ఓమందూరు రామసామి రెడ్డియార్ మద్రాసు ప్రధాని, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి.

— అన్నా, మీరు రాసింది ఆ గ్రూపులో పెట్టినా. ఫార్వర్డ్ పెట్టినాయన, సరే రెడ్లు వద్దు, చైనాలో రావులు ఉండారు కదా వాళ్ళు మాత్రం మనోళ్ళే అంటా ఉండాడు.

— రావులు ఉండేది నిజమే నాయినా, ఆ అక్షరానికి సమృద్ధి అని అర్థం, మన రావు రాయ నుంచి వచ్చింది. ఆయనకి మాత్రం చెప్పొద్దు, రేపు ఇంకో దేశం పట్టుకొస్తాడు.