శనివారం ప్రేయర్ వాక్: పేర్లు ఇవ్వండి, కరపత్రాలు తేకండి

కోఆర్డినేటర్: అందరికీ వందనాలు. ప్రేయర్ వాక్‌కి, అంటే వీధుల్లో నడుస్తూ అక్కడివాళ్ల కోసం ప్రార్థన చేయడానికి, వచ్చే నెల, అక్టోబర్, రెండో శనివారం పొద్దున 10కి మన లండన్ ఈస్ట్ హామ్ స్టేషన్ బయట కలుద్దాం, ఒంటిగంటకల్లా మన సంఘం హాల్‌కి వచ్చేస్తాం. ఇప్పటికి 23 మంది పేర్లిచ్చారు, ఇంకో ఏడెనిమిది మంది వస్తే మూడు గుంపులకి సరిపోతాం. ఆ నెల చివర్లో చలికాలానికని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాక సాయంత్రం పెందరాళే చీకటి, చలి, ఆ తర్వాత ఎవరూ బయటికి రారని నాకు తెలుసు, అందుకే ఈ తొందర.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైందో కొందరికి తెలీదు, చెప్పేస్తాను, తప్పు నాదే. రెండు నెలల క్రితం శనివారం పాటల ప్రాక్టీస్‌కి లేటై, కీబోర్డ్ దింపి వెంటనే తీసేద్దాం కదా అని హాల్ పక్కింటి వాళ్ల కారుకి అడ్డంగా నా కారు పెట్టి మర్చిపోయాను. నలభై నిమిషాల తర్వాత బయటికొస్తే ఆ ఇంటి పెద్దాయన పిట్టగోడ మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో గుడ్డ సంచి, అందులోంచి దుప్పటి అంచు, ఫ్లాస్క్ మూత కనిపిస్తున్నాయి. భార్యని డయాలసిస్‌కి తీసుకెళ్లాలట. రెండుసార్లు వచ్చి మన తలుపు కొట్టారట, డ్రమ్స్ మోతలో ఎవరికీ వినపడలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఏమీ అనలేదు. మూడేళ్లుగా అదే హాల్లో దేశాల పేర్లు చదివి మరీ ప్రార్థన చేస్తున్నాం, గోడ అవతలి మనిషి పేరు మాత్రం మనలో ఒక్కరికీ తెలీదు.

ఇక రూట్లు. మొదటి గుంపు స్టేషన్ నుంచి హై స్ట్రీట్ నార్త్ మీదుగా బార్కింగ్ రోడ్ మూల దగ్గరున్న టౌన్ హాల్ వరకు. 1903లో కట్టిన ఎర్ర ఇటుకల బిల్డింగ్, గడియారం టవర్ ఉంటుంది, దారి తప్పే ఛాన్సే లేదు. హై స్ట్రీట్ నార్త్ మనకి గోంగూర కోసం, చీరల కోసం మాత్రమే తెలుసు, ఈసారి సంచి లేకుండా నడవండి. శనివారం జనం తోసుకుంటూ ఉంటారు, ఫుట్‌పాత్ మధ్యలో గుండ్రంగా నిలబడి కళ్లు మూసుకోవద్దు, ప్రామ్‌లు తోసుకొచ్చే తల్లులు మనల్ని తిట్టుకుంటారు. రెండో గుంపు ప్లాషెట్ గ్రోవ్, ప్లాషెట్ పార్క్. మూడోది సెంట్రల్ పార్క్ నుంచి హై స్ట్రీట్ సౌత్ చివర సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చ్ దాకా. ఆ చర్చ్ 12వ శతాబ్దం నాటిది, ఇప్పటికీ అందులో ఆరాధన జరుగుతుంది. ఈ ఊళ్లో దేవుని పని మనం వచ్చాక మొదలైందనుకునేవాళ్లు దాన్ని ఒకసారి చూడాలి.

గుళ్ల ముందు, మసీదుల ముందు ఆగి గట్టిగా ప్రార్థన చేయడం అస్సలు వద్దు. పిల్లలు తల్లిదండ్రుల గుంపులోనే ఉండాలి. స్పీకర్లు, బ్యానర్లు వద్దు, కరపత్రాలూ వద్దు.

సంఘ పెద్ద: ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. కరపత్రాలు వద్దంటే నాకు మింగుడు పడట్లేదు. మొన్న క్రిస్మస్‌వి ఐదు వందలు మిగిలాయి, బాక్స్ అలాగే ఉంది. సువార్త చెప్పకుండా వీధుల్లో తిరిగితే అది షికారు అవుతుంది కానీ ప్రేయర్ వాక్ ఎలా అవుతుంది?

కోఆర్డినేటర్: అంకుల్, మీ భారం నాకు తెలుసు. కానీ 2021 జనాభా లెక్కల ప్రకారం ఈస్ట్ హామ్ ఉన్న మన న్యూహామ్ బరోలో క్రైస్తవులు, ముస్లింలు దాదాపు సమానం, చెరో 35 శాతం. ఎవరి ఇంట్లో ఏముందో తెలీకుండా, అదీ తెలుగులో ఉన్న క్రిస్మస్ కాగితం అక్టోబర్లో తలుపు సందులో వేస్తే నేరుగా చెత్తబుట్టలోకే పోతుంది. యిర్మీయా 29:7లో దేవుడు బబులోనుకి చెరగా వెళ్లినవాళ్లతో ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థన చేయమన్నాడు కదా. ఏం బాగాలేదో తెలిస్తేనే కదా క్షేమం కోరేది. ఇంకో సంగతి, పాత ఐదు పౌండ్ల నోటు మీద ఎలిజబెత్ ఫ్రై బొమ్మ ఉండేది గుర్తుందా? ఆవిడ 1809 నుంచి 1829 వరకు ఈ ప్లాషెట్‌లోనే కాపురం ఉంది. పదకొండు మంది పిల్లల తల్లి, న్యూగేట్ జైలుకి వెళ్లి అక్కడి ఆడఖైదీలు ఎలా ఉన్నారో కళ్లారా చూసింది, వాళ్లకి బట్టలివ్వడం, వాళ్ల పిల్లలకి చదువు చెప్పించడం, అన్నీ ఆ తర్వాతే. రెండో గుంపువాళ్లు పార్కులో ఈ ముక్క చెప్పుకోండి. ఈ ఒక్కసారికి ఆగండి అంకుల్, బాక్స్ ఎక్కడికీ పోదు.

సంఘ పెద్ద: సరే. వర్షం వస్తే?

కోఆర్డినేటర్: గొడుగులు. లండన్‌లో అది చూసుకుంటే ఏడాదంతా ఇంట్లోనే.

యూత్ తమ్ముడు: అన్నా, నాకు ఆ రోజు కేర్ హోమ్‌లో షిఫ్ట్ ఉంది, స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే చెయ్యనిస్తారు కాబట్టి ఒక్క షిఫ్ట్ వదిలినా అద్దెకి టెన్షన్. ప్రార్థన అంశాల్లో స్టూడెంట్స్‌ని కూడా రాయండి. మా రూమ్‌లో నలుగురం, ఒకడు నైట్ డ్యూటీ నుంచి వచ్చాక ఇంకొకడు మంచం దిగుతాడు. అదీ ఈ ఏరియానే కదా.

కోఆర్డినేటర్: రాశాను తమ్ముడూ, మొదటి లైన్‌లోనే. భోజనానికైనా రా.

నర్స్ అక్క: ఒక మాట. రోడ్డు మీద ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటే పేరు, ఇంటి నంబరు, జబ్బు ఈ గ్రూప్‌లో పెట్టకండి, దయచేసి. ప్రార్థన అంశం పేరుతో మనం చేసేది ఒక్కోసారి ఉత్త కబుర్లే. 'ప్లాషెట్‌లో ఒక కుటుంబం' అంటే దేవుడికి అర్థమవుతుంది.

వంటల ఆంటీ: ముప్పై మందికి పప్పు, చికెన్ కూర, టమాటా చారు నేను చూసుకుంటా, చికెన్ హలాల్‌దే తెస్తా, ఎవరైనా లోపలికి వస్తే ఇబ్బంది ఉండదు. ఆ పక్కింటాయనకి ఒక గిన్నెలో చారు, కాస్త పులిహోర ఇచ్చి వద్దామా? కారం తగ్గిస్తాలే.

నర్స్ అక్క: అయ్యో ఆంటీ, డయాలసిస్ వాళ్లకి టమాటా, చింతపండు లెక్కపెట్టి ఇవ్వాలి, పొటాషియం పెరుగుతుంది. ఆవిడకి ఏం పడుతుందో ముందు అడగండి.

వంటల ఆంటీ: అవునా తల్లీ, నాకేం తెలుసు. సరే అడుగుతా, కానీ మొదటిసారి ఒకళ్ల గుమ్మం ఎక్కుతూ ఉత్త చేతులతో ఎలా వెళ్లను? నా పేరు మూడో గుంపులో వెయ్యండి, మోకాళ్లు నొప్పి, ఆ పార్కులో బెంచీలుంటాయి.