పెర్త్ బేర్స్ రావడం సరే, సిడ్నీ పేటల జట్ల సంగతేమిటి?

వెంట్వర్త్‌విల్ వాసి
అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్లుగా సిడ్నీలోని పారమట్టా రగ్బీ లీగ్ క్లబ్బు సభ్యుణ్ణి. ఉద్యోగం బదిలీ కావడంతో త్వరలో కుటుంబంతో సహా పెర్త్‌కు మారుతున్నాను. 2027లో పెర్త్ బేర్స్, 2028లో పాపువా న్యూ గినీ జట్టు చేరితే ఇక్కడి అగ్రశ్రేణి రగ్బీ లీగ్ పోటీ అయిన ఎన్ఆర్ఎల్‌లో జట్లు 19 అవుతాయి. వాటిలో తొమ్మిది సిడ్నీ, దాని పరిసరాలవే. నాకు రెండు సందేహాలున్నాయి. 1999లో చేసినట్టు సిడ్నీ జట్లను మళ్లీ తగ్గిస్తారా? పెర్త్‌లో ఉంటూ పారమట్టా సభ్యత్వాన్ని ఎలా కొనసాగించాలి? తొమ్మిదేళ్ల మా అబ్బాయి ఇప్పటికే ఎరుపు, నలుపు బేర్స్ జెర్సీ కావాలని పేచీ పెడుతున్నాడు.

99 బేర్స్
మీ అబ్బాయికి ఆ జెర్సీ వెనుక కథ చెప్పి కొనివ్వండి. నేను 1998లో వై2కె పని మీద వచ్చి క్రోస్ నెస్ట్‌లో అద్దెకు దిగాను. ఆటేమిటో తెలియక ముందే, ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంది కనుక నార్త్ సిడ్నీ ఓవల్‌కు వెళ్లేవాణ్ణి. గట్టు మీద గడ్డిలో కూర్చుంటే పక్కనున్న ముసలాయన తన ఫ్లాస్కులోని టీ మూతలో పోసి ఇచ్చి, ఆట ఆగిన ప్రతిసారీ ఎవరిది తప్పో, ఎందుకు తప్పో విడమరచి చెప్పేవాడు. అక్కడి నార్త్ సిడ్నీ బేర్స్ జట్టు 1908 నుంచి ఆడుతోంది, 1922 తర్వాత ఒక్కసారి కూడా ప్రీమియర్‌షిప్ గెలవలేదు, అయినా ఆయన ఏటా వచ్చేవాడు. 1999 తర్వాత ఆ జట్టును తీసుకుపోయి, ఏ మాన్లీని చూస్తే మాకు ఒళ్లు మండేదో ఆ మాన్లీతోనే ముడిపెట్టి నార్దర్న్ ఈగల్స్ అన్నారు. ఆ కాపురం 2002తో ముగిసింది. మాన్లీ తన పేరుతో తిరిగి వచ్చింది, మేము మాత్రం రెండో అంచె పోటీల్లో మిగిలిపోయాము. ఇప్పుడు మూడు వేల కిలోమీటర్ల అవతల మా ఎలుగుబంటి మళ్లీ లేస్తోందంటే సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

పెర్త్ పడమర
సంతోషించాల్సింది మీరు, ఏడవాల్సింది మేము. పెర్త్‌కు 1995లోనే వెస్టర్న్ రెడ్స్ అనే సొంత జట్టు ఉండేది. తూర్పు నుంచి వచ్చే ప్రతి జట్టుకూ విమాన ఛార్జీలు, బస ఖర్చులు మేమే భరించాలన్న షరతు మీద దాన్ని చేర్చుకున్నారు. పిలిచిన పెళ్లికి చుట్టాల బస్సు కిరాయి కూడా మనమే కట్టుకున్నట్టు అన్నమాట. పోటీగా పెట్టిన సూపర్ లీగ్ గొడవల్లో చిక్కుకుని 1997తో అది మూతపడితే మా కోసం ఎవరూ కన్నీరు పెట్టలేదు. ముప్పై ఏళ్లు వేచి ఉన్నాక మాకు దక్కినది సిడ్నీ పేట ఒకటి విడిచిన చొక్కా. మా ఊరికి కొత్త పేరు పెట్టుకునే తెలివి కూడా లేదని తీర్మానించారా?

99 బేర్స్
విడిచిన చొక్కా అనకండి, అది మా నుంచి లాక్కున్న చొక్కా. ఆ పేరుకున్న పాత అభిమానులు తోడుగా వస్తారనే కదా మీ ఊరివాళ్లూ దానికి ఒప్పుకున్నది?

రెడ్‌ఫర్న్ రైలు
లాక్కున్నప్పుడు మీరు ఊరుకున్నారు, మేము ఊరుకోలేదు. తేడా అంతే. 1999 సీజన్ ముగియగానే, 1908లో మొట్టమొదటి ప్రీమియర్‌షిప్ గెలిచిన సౌత్ సిడ్నీని బయటికి గెంటారు. 2000 నవంబరులో 80,000 మంది వీధుల్లోకి వచ్చారు. మా క్లబ్బు పెద్ద జార్జ్ పిగిన్స్ గారు పట్టు విడవలేదు. చివరికి కోర్టు మమ్మల్ని 2002లో తిరిగి కూర్చోబెట్టింది, 2014లో కప్పు కొట్టాము. మనవాళ్లకు అర్థమయ్యేలా చెబుతాను. డెక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, 2012లో దాన్ని రద్దు చేశారు. అప్పుడు హైదరాబాద్‌లో ఎన్ని ఊరేగింపులు జరిగాయి? మరుసటి ఏడాది మనమంతా నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని సన్‌రైజర్స్ అని అరిచాము, నేనూ అరిచాను. జట్టు పేటలో పుట్టడానికీ వేలంలో పుట్టడానికీ ఉన్న తేడా నాకు సౌత్ సిడ్నీ జట్టు పేట అయిన రెడ్‌ఫర్న్‌లో అద్దెకు ఉన్నప్పుడే తెలిసింది.

లా పుస్తకం
ఒక సవరణ. సౌత్స్‌ను కోర్టు గెలిపించిందని అందరూ చెప్పుకుంటారు గాని, విషయం అంత సులువుగా లేదు. ఇక్కడ మాస్టర్స్ చేసేటప్పుడు ఈ కేసు మీదే వ్యాసం రాశాను కాబట్టి చెబుతున్నాను. 2000 నవంబరులో తొలి తీర్పు సౌత్స్‌కు వ్యతిరేకంగా వచ్చింది. మీరన్న 80,000 మంది కదిలింది ఆ ఓటమి తర్వాతే. 2001 జులైలో ఫెడరల్ కోర్టు పూర్తి ధర్మాసనం ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా సౌత్స్ పక్షాన తీర్పు ఇచ్చింది. కానీ 2003లో హైకోర్టు, అంటే ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం, నలుగురు ఒకవైపు, ఒకరు మరోవైపుగా ఆ తీర్పును కొట్టివేసింది. పోటీని 14 జట్లకు పరిమితం చేసిన నిబంధన ఉద్దేశం ఫలానా క్లబ్బును వెలివేయడం కాదన్నది అక్కడ తేలిన విషయం. కాబట్టి చట్టం ప్రకారం గెలిచినది అప్పట్లో ఎన్ఆర్ఎల్‌లో భాగస్వామి అయిన మీడియా సంస్థ న్యూస్ లిమిటెడ్.

రెడ్‌ఫర్న్ రైలు
అయ్యా, 2003లో తీర్పు వచ్చేనాటికి మా జట్టు రెండో సీజన్ ఆడుతోంది. కాగితం మీద ఓడి మైదానంలో నిలబడ్డవాళ్లను ఓడిపోయారని ఎలా అంటారు?

లా పుస్తకం
ఓడిపోయారని నేను అనలేదు, కోర్టు గెలిపించలేదని అన్నాను. మూల ప్రశ్నకు ఇదే జవాబు కూడా. రేపు మరో సిడ్నీ జట్టును తొలగిస్తే సౌత్స్ తీర్పు కాపాడుతుందని ఎవరైనా ధీమాగా ఉంటే, ఆ ధీమాకు చట్టంలో ఆధారం లేదు. కాపాడగలిగినది ఆ జనమే.

రెడ్‌ఫర్న్ రైలు
ఆ చివరి వాక్యం మొదటే రాసి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. మాస్టర్స్ ప్రస్తావన లేకుండా కూడా రాయవచ్చు.

ఉత్తర బ్రిస్బేన్
సిడ్నీ వాళ్ల శోకాలు చాలు. 2023లో మా డాల్ఫిన్స్ 17వ జట్టుగా వచ్చింది. నిలబడదని అందరూ అన్నారు. వేన్ బెన్నెట్ శిక్షణలో తొలి మ్యాచ్‌లోనే సిడ్నీ రూస్టర్స్‌ను 28-18తో ఓడించినప్పుడు నేను సన్‌కార్ప్ స్టేడియంలో ఉన్నాను. విస్తరణ అంటే పేటలను చంపడమే అనుకోవద్దు. మాది 1947లో రెడ్‌క్లిఫ్‌లో పుట్టిన క్లబ్బు, పేట నుంచే పైకి వచ్చింది.

పెర్త్ పడమర
మరి పేరులో రెడ్‌క్లిఫ్ ఎక్కడుంది? పైకి రాగానే ఊరి పేరు తీసేసి ఉత్త డాల్ఫిన్స్ అన్నారు. ఇంటిపేరు లేని జట్టు అదొక్కటే. మాకు వేరే ఊరి ఎలుగుబంటిని అంటగట్టారు, మీరు ఉన్న ఊరినే చెరిపేశారు. ఎవరిది ఎక్కువ నష్టమో మీరే చెప్పండి.

ఉత్తర బ్రిస్బేన్
బ్రిస్బేన్ ఉత్తర భాగమంతా మాదిగా అనుకోవాలని అలా పెట్టారు. నిజం చెప్పాలంటే నాకూ అది నచ్చలేదు. అయినా రెడ్‌క్లిఫ్ ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా మ్యాచ్‌కు వస్తున్నారు కదా.

క్యాంప్‌బెల్‌టౌన్ కాకి
విలీనం గురించి ఎవరూ ఎత్తకపోవడం విచిత్రంగా ఉంది. వెస్టర్న్ సబర్బ్స్, బాల్మెయిన్ కలిసి 2000లో వెస్ట్స్ టైగర్స్ అయ్యాయి. 2005లో కప్పు వచ్చినప్పుడు కలిసి బతకవచ్చని నమ్మాను. 2022, 2023, 2024 మూడేళ్లూ వరుసగా అట్టడుగు స్థానం. ఓడినందుకు బాధ లేదు. ఒక ఆదివారం లైకార్ట్‌లో, మరో వారం క్యాంప్‌బెల్‌టౌన్‌లో, ఇంకోసారి పారమట్టా స్టేడియంలో ఆడితే ఆ జట్టుకు ఇల్లేది? ఉమ్మడి కుటుంబంలో ఎవరి వంటగది వారిదే అయినట్టుంది మా పరిస్థితి. బాల్మెయిన్ వాళ్ల మైదానమైన లైకార్ట్‌లో ఒకసారి నా పాత వెస్టర్న్ సబర్బ్స్ నలుపు, తెలుపు టోపీ చూసి ఒకాయన, మీ మైదానం ఇంకా దూరం కదా అన్నాడు. రెండు జట్లు ఒక్కటై అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

సమోసా స్టాండ్
పాపువా న్యూ గినీ సంగతి అందరూ వదిలేశారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల డాలర్లు పెడుతోంది. ఆ డబ్బు వెనుక ఉన్నది పసిఫిక్‌లో చైనా గురించిన బెంగ. అయినా ఈ ఆటే జాతీయ క్రీడగా ఉన్న దేశమది. జట్టు ఎక్కడ పెట్టాలన్నది ప్రేమను బట్టి నిర్ణయిస్తే వాళ్లే అందరికన్నా ముందు రావాల్సింది.

వెంట్వర్త్‌విల్ వాసి
చాలా తెలుసుకున్నాను, కృతజ్ఞతలు. కానీ సభ్యత్వం గురించి అడిగిన ప్రశ్నకు ఇంతవరకూ ఒక్కరూ జవాబివ్వలేదు. 1986 తర్వాత కప్పు చూడని జట్టు మాది. 1981లో తొలిసారి గెలిచిన రాత్రి ఆనందం పట్టలేక అభిమానులే కంబర్లాండ్ ఓవల్‌లోని స్టాండ్‌ను తగలబెట్టారని మా వీధిలో పెద్దవాళ్లు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. అలాంటి పిచ్చిని పెర్త్‌లో ఒక్కణ్ణే మోయాలా?

క్యాంప్‌బెల్‌టౌన్ కాకి
వేరే రాష్ట్రాల్లో ఉండే అభిమానుల కోసం క్లబ్బులు టికెట్లు లేని తక్కువ ధర సభ్యత్వం ఇస్తుంటాయి. దానికి మారండి. పారమట్టా పెర్త్‌కు వచ్చిన రోజున విడిగా టికెట్ కొనుక్కోవచ్చు.

పెర్త్ పడమర
ఆ రోజు మీ అబ్బాయిని మా వైపు కూర్చోబెట్టండి. జెర్సీ మాత్రం నేను కొనిస్తాను, పేరు ఎవరిదైనా సరే.

99 బేర్స్
పేరు మాది.