ఎక్కువసేపు నిలబడితే స్పృహ తప్పుతోంది, ఎవరికి చూపించాలి?

సూళ్లూరుపేట అమ్మాయి:
చెన్నై టి.నగర్‌లో చీరల దుకాణంలో పని చేస్తున్నాను. వయసు 26. గిరాకీ లేకపోయినా కౌంటరు వెనుక నిలబడే ఉండాలి. వేసవి మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం దాటాక ముందు ఆవలింతలు, తర్వాత మెడ మీద చల్లటి చెమట. చూపు అంచుల నుంచి నల్లబడుతూ వస్తుంది, అంతే, కింద పడిపోతాను. పడుకోబెడితే కాసేపటికే తెలివి వస్తుంది. హిమోగ్లోబిన్ 12.4, థైరాయిడ్, ఈసీజీ మామూలే. నీరసమని టానిక్ రాశారు. అమ్మ దిష్టి తీసింది. సూపర్‌వైజరు మాత్రం నాటకం అంటున్నాడు. ఆ మాటే ఎక్కువ బాధిస్తోంది. ఎవరికి చూపించుకోవాలి?

పెరంబూరు నర్సమ్మ:
నాటకమాడేవాళ్లకు చల్లటి చెమట పట్టదు తల్లీ. నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి దాన్ని పైకి పంపాలి. ఆ పని తడబడితే మెదడుకు రక్తం తగ్గి స్పృహ పోతుంది. మామూలు ఈసీజీ పడుకోబెట్టి తీస్తారు కాబట్టి అందులో ఇది దొరకదు. అయిదు నిమిషాలు పడుకుని బీపీ, నాడి చూసుకో. తర్వాత లేచి నిలబడి మూడో నిమిషంలో, పదో నిమిషంలో మళ్లీ చూసుకో. పక్కన ఎవరైనా ఉండాలి, కళ్లు తిరిగితే వెంటనే పడుకో. పరుగెత్తుతుండగా గానీ, పడుకున్నప్పుడు గానీ, ఏ సూచనా లేకుండా గానీ స్పృహ తప్పితే, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లుంటే, ముందు గుండె డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

సూళ్లూరుపేట అమ్మాయి:
అలాంటివేమీ లేవమ్మా. పడుకున్నప్పుడు నాడి 72, బీపీ 110/70. పదో నిమిషంలో నాడి 116, బీపీ 108/74. గుండె దడదడలాడింది.

పెరంబూరు నర్సమ్మ:
బీపీ పడిపోకుండా నాడి పడుకున్నప్పటి కంటే 30కి పైగా పెరిగి, ఈ బాధ మూడు నెలలకు మించి ఉంటే పాట్స్‌ (POTS, నిలబడితే నాడి బాగా పెరిగిపోయే జబ్బు) అని అనుమానిస్తారు. ఆ పేరు 1993 నుంచే ఉంది, అయినా ఇప్పటికీ చాలామందికి టానిక్కే రాస్తున్నారు. నువ్వు పడిపోయే తీరు చూస్తే మామూలుగా బీపీ పడిపోయి స్పృహ తప్పడం కూడా కలిసి ఉండవచ్చు. టిల్ట్ టేబుల్ పరీక్ష చేసే గుండె డాక్టరుకో, నరాల డాక్టరుకో ఈ అంకెలు చూపించు. బల్లకు కట్టి 60 నుంచి 70 డిగ్రీలు వాల్చి నిలబెడతారు, భయపడకు. అదనపు ఉప్పు మాత్రం డాక్టరు చెప్పాకే.

అడయారు అక్క:
నాకూ పాట్సే చెల్లీ. ఆవలింత రాగానే కాళ్లు మెలివేసి తొడలు, పిరుదులు గట్టిగా బిగించు. పనికి దిగే ముందు అర లీటరు నీళ్లు ఒకేసారి తాగు. నడుము దాకా వచ్చే బిగుతు మేజోళ్లు ఈ ఎండలో నరకమే, కానీ నన్ను అవే నిలబెడుతున్నాయి. తోటివాళ్లకు ముందే చెప్పి ఉంచు: పడితే కుర్చీలో కూర్చోబెట్టకూడదు, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి.

కోడంబాక్కం లెక్కలాయన:
తమిళనాడు దుకాణాల చట్టాన్ని 2021లో సవరించారమ్మా. సిబ్బందికి ఆసనాలు ఏర్పాటు చేయాలి, పని మధ్య కూర్చోనివ్వాలి. ఒంట్లో బాగున్నవాళ్లకు కూడా ఆ హక్కు ఉంది. డాక్టరు చీటీ వచ్చాక దాన్ని జతచేసి యజమానికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. కదలకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు నేను తమిళంలో రాసిస్తాను.