‘లా నానా’ (2009): పిలార్ రాకేల్‌ను నిజంగా నమ్మిందంటారా?

వెన్నెలరీలు: చిలీ సినిమా, దర్శకుడు సెబాస్టియన్ సిల్వా. శాంటియాగోలో పిలార్ వాళ్లింట్లో రాకేల్ ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తోంది. తలనొప్పులతో కూలబడుతోందని పిలార్ సాయానికి మనిషిని పెడితే, వచ్చినవాళ్లను రాకేల్ నిలవనివ్వదు. ఆ ఇంట్లో ఉన్నది నమ్మకమా, భయమా?

తాళంచెవి: పిలార్ నమ్మింది కాబట్టే ఇన్ని పడింది. కొత్తమ్మాయి బయటికెళ్లగానే రాకేల్ లోపల గడియ పెడుతుంది, ఎంత కొట్టినా తీయదు. ఆ అమ్మాయి స్నానం చేసిన తొట్టిని మందు పోసి తోముతుంది. ఫొటోల్లో పెద్ద కూతురి మొహం గీకేస్తుంది. కూతురు మాన్పించమన్నా పిలార్ మాన్పించలేదు. ఇంకేం చేయాలి ఆవిడ?

ఎసరు: మొదటి సీన్ చూశారా? పుట్టినరోజు రాకేల్‌ది. కేకు, కానుకలు వాళ్ల భోజనాల గదిలో. ఆమె మాత్రం వంటింట్లో ఒక్కతే కూర్చుని తింటోంది.

తాళంచెవి: పిలిచారు కదండీ, మొరాయించింది ఆమే. గడియ సంగతి చెప్పండి.

చిన్నపాత్ర: తర్వాత సాయానికొచ్చిన లూసీ, రాకేల్‌ను క్రిస్మస్‌కి తనింటికి తీసుకెళ్లినప్పుడు ఏడ్చేశాను.

తాళంచెవి: లూసీ సరే. మా అమ్మ మంచం పట్టినప్పుడు ఒకామెను పెట్టుకున్నాం. మందులు, బీరువా తాళాలు అన్నీ ఆమె చేతిలోనే. ఒకరోజు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా అమ్మ తడిసిన పక్క మీదే ఉంది. గడియ అంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఎసరు: అమ్మగారికి అలా జరగకూడదు. మా అమ్మ కూడా ఇళ్లల్లో పనిచేసింది. ఒకచోట ఉంగరం కనబడలేదని ఆమె సంచీ నేల మీద బోర్లించారు. నేను పక్కనే ఉన్నాను. నా పలక, అమ్మ మాత్రలు, సగం తిన్న రొట్టె బయటపడ్డాయి. ఉంగరం తర్వాత సబ్బుపెట్టె కింద దొరికింది. మర్నాడు ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు.

తాళంచెవి: మేమెవరి సంచీ వెతకలేదు. సొంత మనిషిలా చూసుకున్నాం.

ఎసరు: నా గొడవంతా అక్కడే. సొంత మనిషైతే ఆమెకు జ్వరమొస్తే మీరు చూడాలి. జీతానికొచ్చిన మనిషైతే సెలవుండాలి. రాకేల్‌కు రెండూ సరిగ్గా లేవు. ఇంకొకరొస్తే తన చోటు పోతుందని ఆ గడియ పెట్టింది.

వెన్నెలరీలు: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

తాళంచెవి: ముందురోజు ఒక్క మాట చెబితే నేనే సెలవు పెట్టేవాణ్ణి. ఆ మాత్రం ఆశించకూడదా?

ఎసరు: ఆశించండి. చెబితే ఆ రోజు జీతం కోసేవారా?

తాళంచెవి: రాని రోజుకి కోయకుండా ఎవరిస్తారండీ?